బుచ్చమ్మకు రాని దగ్గు

బుచ్చమ్మది పుట్టుకతోనే ఓర్వలేని గుణం. ఎదురింటి బర్రె చిక్కగా పాలిస్తే ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు. చిన్నప్పుడు పెద్దగట్టు జాతరలో అక్క లచ్చమ్మకు కొన్న గాజులు తన గాజులకంటే ఒక పిసరు ఎర్రగా ఉన్నాయని, రెండు జతలనూ బండకేసి కొట్టింది. తల్లి నాలుగు దెబ్బలు వేసింది. దెబ్బలు లచ్చమ్మకు కూడా పడి ఉంటే ఏడ్చేది కాదని ఆత్మకూర్ (ఎస్)లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

అలాంటి పిల్లను పెద్దవూర బీరన్నకు ఇచ్చి చేశారు. బీరన్నది గొర్రెల మంద ఉన్న ఇల్లు. నలుగురిలో నోరు మెదపని మనిషి. అంత నెమ్మదస్తుడు పెళ్ళాం దగ్గర దాచేది ఏముంటుందని ఊళ్ళోవాళ్ళు అనుకునేవారు. మాట్లాడనివాడి దగ్గరే దాచేది ఎక్కువ ఉంటుందని బుచ్చమ్మ అనుకునేది.

రెండు వేల ఒకటిలో నీలినాలుక రోగం వచ్చి మంద సగానికి సగం పడిపోయింది. మిగిలినదాన్ని తమ్ముడు సోమన్నకు అప్పగించి, నాలుగు గొర్రెలను మాత్రం వెంట తోలుకుని బీరన్న పెళ్ళాంతో మిర్యాలగూడ వచ్చాడు. ఊరి చివర రేకుల ఇల్లు, దాని గోడకు ఆనించి గొర్రెల దొడ్డి. కైలాసం సేటు రైస్ మిల్లులో పని దొరికింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. లారీల్లో వచ్చిన వడ్ల బస్తాలు విప్పి గుంతలో కుమ్మరించాలి. గుంతలోంచి వడ్లు పైకెక్కి జల్లెడలో పడతాయి. జల్లెడ కింద తాలు, దుమ్ము, గడ్డిపోచలు రాలుతుంటాయి. మంచి వడ్లయితే దుమ్ము తెల్లగా లేచి సర్దుకుంటుంది. వానకు తడిసిన వడ్లను సేటు చౌకగా కొన్న రోజుల్లో మాత్రం బస్తా మూతి విప్పగానే పుల్లటి బూజు వాసనతో పొగలాంటిది ముఖం మీదికి లేస్తుంది. ఆ మూలకు కిటికీ లేదు. రాలిన దుమ్మును ఊడ్చి బస్తాల్లోకి ఎత్తడానికి అదే మూలలో ఇంకో మనిషి కావాలి. ఆ ఇంకో మనిషి మోతీబాయి.

మూడేళ్ళదాకా బుచ్చమ్మకు ఆ పేరే తెలియదు. ఒక సాయంత్రం చొక్కా ఉతకబోయి జేబు తడిమితే ఎర్ర బట్ట బయటపడింది. రెండు మడతలు వేసి కుట్టిన మందపాటి బట్ట. అంచుకు రంగుదారాల కుట్టు, ఆ కుట్టులో చిన్న చిన్న అద్దాలు.

"ఇదేంది?" అని అడిగింది బుచ్చమ్మ.

"ముక్కుకు కట్టుకునేది. దుమ్ము పోకుంట."

"ఎవరిచ్చిండ్రు?"

"మోతీబాయి. జల్లెడ కాడ ఊడుస్తది. లంగా గుడ్డ మిగిలితే కుట్టి ఇచ్చింది."

"ఎవరి పెండ్లాం ఆమె?"

"తండల దస్రు పెండ్లాం. దస్రు పోయిండు లే, శానా రోజులాయె."

ఆ చివరి మాట చెప్పకపోయినా బాగుండేది. మొగుడు లేనిది, తన మొగుడి ముక్కుకు బట్ట కుట్టింది. రేపు నోటికి ముద్ద పెడుతుంది.  పొద్దున నీళ్ళు కాగబెట్టేటప్పుడు బుచ్చమ్మ ఆ బట్టను పొయ్యిలో కట్టెల కిందికి తోసేసింది. బట్ట కాలిపోయింది గానీ అద్దాలు కాలలేదు. బూడిదతోపాటు వాటిని కూడా దొడ్డిలో చల్లింది.

సాయంత్రం బీరన్న దొడ్డి ఊడుస్తూ ఒకచోట ఆగాడు. వంగి, వేలితో ఏదో కదిపి చూశాడు. లేచి మళ్ళీ ఊడ్చాడు. బట్ట ఏదని అడగలేదు. అడిగి ఉంటే బుచ్చమ్మ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. అడగకపోవడమే ఆమెకు మరీ ఒళ్ళు మండించింది.

మరుసటి ఏడాదికి బీరన్నకు దగ్గు పట్టుకుంది. పొడిదగ్గు. గుంజి గుంజి దగ్గి, చివర సన్నటి ఈలతో ఆగేది. మెడికల్ షాపులో సీసా మందు తెచ్చి తాగించింది, మిరియాల కషాయం పోసింది. సాయంత్రం మిల్లు నుంచి వచ్చాక జ్వరం తగిలినట్టు ఒళ్ళు వెచ్చబడేది. ఆదివారం మిల్లు బంద్ ఉంటే కాస్త తేరుకునేవాడు. ఆదివారం తను పక్కన ఉంటాను కాబట్టి నెమ్మదిస్తోందని బుచ్చమ్మ మురిసింది.

ఆ వానాకాలం ఒక రోజు బీరన్న సద్దిగిన్నె మరిచిపోయి వెళ్ళాడు. నిజం చెప్పాలంటే బుచ్చమ్మే దాన్ని గంప కింద దాచింది. మిల్లుకు వెళ్ళడానికి ఒక సాకు కావాలి కదా. గిన్నె పట్టుకుని గేటు దాటి, బస్తాల మధ్య నుంచి ఆ మూలకు వెళ్ళింది.

మోతీబాయి అందగత్తె అయి ఉన్నా బాగుండేది. అందగత్తెను తిట్టుకోవడం సులువు. బక్కపలచని మనిషి, మోచేతుల దాకా గాజులు, ముక్కుకు చుట్టుకున్న కొంగు జారిపోతుంటే మాటిమాటికీ సర్దుకుంటోంది. బీరన్న ముక్కుకు మాత్రం ఎర్ర బట్ట కట్టి ఉంది. అవే అద్దాలు, అదే కుట్టు. మళ్ళీ కుట్టి ఇచ్చిందన్నమాట. ఈసారి ఇంటికి తేకుండా మిల్లులోనే దాచుకుంటున్నాడన్నమాట. దుమ్ము కప్పేసి ఇద్దరి ముఖాలూ ఒక్క రంగులోకి వచ్చాయి. ఆ రంగు బుచ్చమ్మ ముఖానికి లేదు.

"రా వదినె. అన్న నీ ముచ్చట జెప్తుంటడు," అంది మోతీబాయి.

తన ముచ్చట ఈమెకెందుకు చెప్పాలి? ఆ ప్రశ్న బుచ్చమ్మ నోటిదాకా వచ్చింది. అంతలోకే మోతీబాయికి దగ్గు తెర వచ్చింది. పొడిగా గుంజి గుంజి దగ్గి, చివర సన్నటి ఈలతో ఆగింది. బుచ్చమ్మ చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి వెనక్కి తిరిగింది. ఆ దగ్గును ఆమె ఎక్కడ విన్నా గుర్తుపడుతుంది. అది తన ఇంట్లో దగ్గు.

ఇద్దరికీ ఒకే దగ్గు అంటే ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారన్నట్టే. బుచ్చమ్మ లెక్కలో దానికి ఇంకో అర్థం లేదు. వశం చేసుకోవడానికి తిండిలో కలిపే పెట్టుడు మందు తిన్న మగవాడు ఎలా ఉంటాడో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అన్నం సహించదు, చిక్కిపోతాడు, పొడిదగ్గు దగ్గుతాడు, పెళ్ళాం మాట చెవికెక్కదు. అన్నీ బీరన్నకు సరిగ్గా సరిపోయాయి. చివరిది పెళ్ళయిన నాటి నుంచీ ఉన్నదే అన్న సంగతి ఆమెకు తట్టలేదు. మందు పెట్టిన మనిషికి కూడా దగ్గు ఎందుకొచ్చిందని వాడకట్టు ఆడవాళ్ళు అడిగితే, "కలిపేటప్పుడు రుచి సూసి ఉంటది," అంది.

ఎండాకాలం బాయిలర్ రిపేరుకు మిల్లు ఆపారు. బుచ్చమ్మ బీరన్నను కోదాడ తీసుకుపోయింది. అక్కడ మందు కక్కించే ముసలమ్మ ఒకామె ఉంది. నాడి పట్టుకుని, కళ్ళు విప్పి చూసి, "ఇది పాత మందమ్మా. పేగుకి అతుక్కుపోయింది. నేను కక్కిస్తాను గానీ, మళ్ళీ ఆవిడ చేతి తిండి ముట్టకుండా నువ్వే చూసుకోవాలి," అని చెప్పింది. ఏదో పసరు తాగించింది. బీరన్న పేగులు నోట్లోకి వచ్చేలా కక్కాడు. ముసలమ్మ అందులోంచి నల్లటి ఉండ ఒకటి పుల్లతో ఎత్తి చూపించింది. బుచ్చమ్మ ఆ ఉండను దేవుణ్ణి చూసినట్టు చూసింది. ఇన్నాళ్ళకు తన అనుమానానికి ఒక రూపం వచ్చింది.

అక్కడి నుంచి నేరుగా మునగాల వెళ్ళారు. కోతలయిన పొలాల్లో సోమన్న మంద దిగి ఉంది. ఎరువు కోసం రైతులు తమ మడుల్లో మందను పడుకోబెట్టించుకుంటారు. మందతో పాటే కాపరీ మడిలోనే పడుకుంటాడు. వానలు పడేదాకా బీరన్న ఆ గొర్రెల మధ్యే గొంగడి పరుచుకున్నాడు. దగ్గు మాయమైంది. ముఖంలో నెత్తురు కనబడింది. ఒక రోజు తప్పిపోయిన పొట్టేలు వెంట పరుగెత్తి పట్టుకొచ్చాడు కూడా.

బుచ్చమ్మ గెలిచింది. గెలిచినప్పుడు ఊరుకునే మనిషి కాదు. మిర్యాలగూడ రాగానే సేటు భార్య ఆండాళు దగ్గరికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

"అమ్మా, మా ఆయనకు ఆ మోతీబాయి మందు పెట్టింది. కోదాడల కక్కించుకొచ్చిన. ఆ దగ్గంతా దాని పుణ్యమే. సేటుకు చెప్పి ఆమెను ఆ మూలకెళ్ళి తీసేయించు తల్లీ."

ఆండాళు ముక్కున వేలేసుకుని విన్నది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ కైలాసానికి చెప్పింది. ఆయన నవ్వేసి, పని చేసేవాళ్ళను ఎందుకు మారుస్తామన్నాడు. మాట మాత్రం ఆయన మనసులో ఉండిపోయింది.

వానలు పడ్డాయి, తడిసిన వడ్లు వచ్చాయి, బీరన్న ఆ మూలకు పోయాడు. వారం తిరక్కముందే దగ్గు మళ్ళీ మొదలైంది. బుచ్చమ్మ ఇక కాపలా పెట్టింది. లింగమంతుల స్వామి మీద ఒట్టు వేయించి, తను కట్టిన సద్ది తప్ప ముట్టకుండా చేసింది. నీళ్ళు కూడా ఇంటి నుంచే సీసాలో పంపింది. మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి, బీరన్న ఏం తింటున్నాడో, మోతీబాయి ఎంత దూరంలో ఉందో చూసి వచ్చేది. బీరన్న ఒట్టు తప్పలేదు. దగ్గు తగ్గలేదు. ఎండాకాలం మునగాల వెళితే తగ్గేది, వానాకాలం మిల్లుకు వస్తే పెరిగేది. ఏటా ఇదే తంతు. చివరి సంవత్సరాల్లో మునగాలలో కూడా పూర్తిగా తగ్గడం మానేసింది.

రెండు వేల పదిలో బీరన్న బస్తా విప్పుతూ కూలబడ్డాడు. తరవాత మళ్ళీ పనికి పోలేదు. మొదట టీబీ అన్నారు, మాత్రలు వాడారు, లాభం లేకపోయింది. సూర్యాపేటలో ఊపిరితిత్తుల డాక్టరు రూప దగ్గరకు వెళ్ళారు. ఆమె పరీక్షలు చేసి, ఏం పని చేస్తావని అడిగి, చాలాసేపు విన్నది.

"ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. బూజు పట్టిన దుమ్మును ఏళ్ళ తరబడి పీలిస్తే ఇలా అవుతుంది. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలి, మందులు ఆపకూడదు," అంది. మిల్లులోనే వచ్చిందని రాసివ్వమంటే ఎక్స్‌రే మళ్ళీ వెలుతురుకు పట్టింది. "మిల్లు దుమ్ముతో రావచ్చని రాస్తాను. గొర్రెల దొడ్డి దుమ్ముతో రాలేదని మాత్రం ఎక్స్‌రే చూసి చెప్పలేను. ఫొటోలో దుమ్ము పేరు రాసి ఉండదు కదా."

కైలాసం సేటు దాన్నే పట్టుకున్నాడు. "పుట్టినకాడ్నుంచి గొర్రెల్లో పెరిగినోడికి దగ్గు నా మిల్లులనే వచ్చిందా?" అన్నాడు. చెడ్డవాడేం కాదు. పండక్కి బియ్యం పంపేవాడు. ఆ మాటను నిజంగానే నమ్మాడు, నమ్మడం ఆయనకు లాభం కూడా.

ఇక మిగిలింది నష్టపరిహారం కేసు. అది గెలిస్తే మిషను, మందులు. ఓడితే బీరన్న ఊపిరి ఎన్నాళ్ళు సాగితే అన్నాళ్ళే. ఆత్మకూర్ (ఎస్)లో పుట్టి సూర్యాపేటలో వకీలుగా ఉన్న చిరంజీవి, బుచ్చమ్మకు వరసకు కొడుకు, కాగితాలు తీసుకున్నాడు.

"చిన్నమ్మా, జబ్బు ఉన్నదని సూపుడు అల్కనే. అది ఆడనే వచ్చిందని సూపుడే కష్టం," అన్నాడు. "వాళ్ళు గొర్లంటరు, పొయ్యి పొగంటరు, ఇంకోటంటరు. అవేం కాదు, ఆ మూలలనే వచ్చిందని మనం నిలబెట్టాలె. ఆయన పక్కన పని చేసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"మోతీబాయి," అన్నాడు బీరన్న, ఊపిరి తీసుకుంటూ. "ఆమెగ్గూడ ఇదే దగ్గు."

చిరంజీవి కళ్ళు మెరిశాయి. "ఇంక కావలసిందేముంది? ఒక్క మూలకు నిలబడ్డ ఇద్దరికీ ఒక్క జబ్బు. ఆమె సాక్షమే మన కేసు."

"ఆమె వస్తే నేను రాను," అంది బుచ్చమ్మ.

"చిన్నమ్మా, ఆమె లేకుంటే కేసు పడిపోతది."

"పడనీ."

అన్నాక ఆ మాటకు తనే భయపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు. బీరన్న గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఆమె వద్దంటే వద్దు లే," అన్నాడు చిరంజీవితో. ఒక్క విసురు మాట అనలేదు. అనకపోవడం ఆయనకు అలవాటు, అది భరించలేకపోవడం బుచ్చమ్మకు అలవాటు.

చిరంజీవి ఎలా కబురు పంపాడో గానీ, ఒక మధ్యాహ్నం మోతీబాయే ఇంటికి వచ్చింది. గడప అవతల కూర్చుంది. బుచ్చమ్మ రమ్మనలేదు, నీళ్ళివ్వలేదు. లోపల మంచం మీద బీరన్న దగ్గాడు. ఆ దగ్గు ఆగగానే గడప అవతల మోతీబాయి దగ్గింది. అది ఆగగానే మళ్ళీ లోపల. మధ్యలో బుచ్చమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్ళు కాపురం చేసింది తను. ఒకే మంచం, ఒకే కంచం, ఒకే దొడ్డి. ఆయన దగ్గుకు బదులు పలికే దగ్గు మాత్రం తన గొంతులో లేదు. జబ్బులో కూడా వాళ్ళిద్దరూ ఒకటి, తను వేరు. ఆ క్షణంలో ఎవరైనా ఆ దగ్గు కావాలా అని అడిగితే ఇలా తెమ్మని చెయ్యి చాపి ఉండేది.

"వదినె, నేను సాక్షం జెప్తే సేటు నన్ను పనిలకెళ్ళి తీసేస్తడు," అంది మోతీబాయి తేరుకుని. "తీస్తే తీయనీ. నేను జెప్తా. ఆ మాట నీకు జెప్పి పోదామని వచ్చిన."

ఆమె వెళ్ళిపోయాక బుచ్చమ్మ చాలాసేపు వాకిలి ఊడ్చింది, ఊడ్చిన చోటే ఊడ్చింది. ఎవరో పరాయి మనిషి తన మొగుడి కోసం కూడు వదులుకుంటానంటుంటే, పెళ్ళాం తను ఇంట్లో కూర్చోవాలా? రేపు బీరన్న ఊపిరి పీల్చుకుంటే అది మోతీబాయి ఇచ్చిన ఊపిరి అని వాడకట్టు అనుకోవాలా? పడి చావనీ, తనూ వస్తుంది. ఆమెకంటే ముందు తనే చెబుతుంది. ప్రేమ ఒప్పించలేని మనిషిని కుళ్ళు ఒప్పించింది.

నల్లగొండలో కార్మిక శాఖ ఆఫీసులో విచారణ. కమిషనరుగా కూర్చునే అధికారి, కింద బల్లకు అటూ ఇటూ వకీళ్ళు, ఓ పక్కన కుర్చీలో కైలాసం సేటు, ఆయన వెనక ఆండాళు. ముందు బీరన్నను అడిగారు. మాట కంటే ఆయాసమే ఎక్కువ చెప్పింది. తరవాత బుచ్చమ్మ. మోతీబాయి తన వంతు కోసం బయట వరండాలో కూర్చుంది.

మిల్లు తరఫు వకీలు మర్యాదగానే మొదలుపెట్టాడు.

"మీ ఇంటి గోడకే గొర్రెల దొడ్డి ఉంది కదమ్మా?"

"ఉన్నది."

"ఎవరు ఊడుస్తారు?"

"పొద్దుగాల నేను, మాపటికి ఆయన."

"ఇంట్లో కట్టెల పొయ్యేనా?"

"కట్టెలదే."

"సరే. ఆండాళు గారు మీకు తెలుసు కదా? మీరు వారింటికి వెళ్ళి, మీ ఆయన దగ్గుకు కారణం మోతీబాయి పెట్టిన మందు అని చెప్పారా, లేదా?"

బుచ్చమ్మకు తల కొట్టేసినట్టయింది. లేదంటే ఎదురుగా ఆండాళు ఉంది. అవునంటే తన నోటితోనే కేసును తగలబెట్టినట్టు. చిరంజీవి తల దించుకుని పెన్ను మూత తిప్పుతున్నాడు. బీరన్న ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం కనబడితే ధైర్యంగా అబద్ధమాడేదేమో. కనబడలేదు.

"చెప్పిన," అంది.

"అంటే జబ్బు మిల్లు దుమ్ము వల్ల కాదని మీరే అన్నారు. చాలమ్మా."

"నీకు చాలొచ్చు సారూ, నాకు చాలదు. జర చెప్పనియ్యు."

వకీలు అధికారి వైపు చూశాడు. అధికారి చెప్పనివ్వమన్నాడు.

"నాకామె అంటే పడదు సారు. ఇయ్యాల గూడ పడదు," అంది బుచ్చమ్మ. వరండా వైపు చెయ్యి చూపించింది. "మందు పెట్టిందనుకున్న. కోదాడ తీస్కపోయి కక్కించిన. ఆడికెళ్ళి మునగాలల మంద కాడికి పోయిండు. గొర్ల నడుమనే పండుకున్నడు, దగ్గు లేదు. మందు పోయిందని సంబరపడ్డ. మిల్లుల అడుగు పెట్టిండో లేదో మల్ల దగ్గు. అప్పట్నుంచి ఆమె చేతి మెతుకు గాదు, నీళ్ళ సుక్క గూడ తాగనియ్యలే. గేటు కాడ నిలబడి కాపలా గాసిన. దగ్గు ఆగలే. మందయితే ఆగాలె గద సారు. గొర్లతోని అయితే మునగాలల సావాలె గద."

 ఇంక చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని కాల్చుకుంటున్నది అదే.

"ఆయన ఊడ్చిన దొడ్డే నేను ఊడ్చిన. ఆయన పీల్చిన పొగనే పీల్చిన. ఒక్క మంచంల పండుకున్న. ఆయన బీడీ గూడ ముట్టడు, నేను చుట్ట తాగుత. నాకు రాలే సారు ఆ దగ్గు. ఇంటి ఆడిదాన్ని, నాకు రాలే. ఆ మూలకు నిలబడ్డ ఆమెకు వచ్చింది."

 వరండాలోంచి మోతీబాయి దగ్గు వినబడింది. గుంజి గుంజి, చివర సన్నటి ఈలతో ఆగింది. ఆగగానే లోపల బీరన్నకు దగ్గు తెర వచ్చింది. అదే గుంజుడు, అదే ఈల.

"ఇన్నరా?" అంది బుచ్చమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "గొర్లది తప్పు లేదు సారు."

తరవాత మోతీబాయి వచ్చి చెప్పింది. ఆ మూలకు కిటికీ లేదని చెప్పింది. తడిసిన వడ్లు విప్పిన రోజు సాయంత్రం ఇద్దరికీ ఒళ్ళు వెచ్చబడేదని చెప్పింది. ముక్కుకు కట్టుకోవడానికి మిల్లువాళ్ళు బట్ట ఇచ్చారు కదా అని అడిగితే, "ఎవ్వలేమియ్యలే. నా లంగా గుడ్డ నేనే కుట్టి ఇచ్చిన," అంది. వెనక బల్ల మీద కూర్చున్న బుచ్చమ్మ కాలి బొటనవేలు చూసుకుంది.

మరుసటి వారమే మోతీబాయి పని పోయింది.

తీర్పు రావడానికి ఏడాది పట్టింది. రెండు వేల పదమూడులో ఒక రోజు చిరంజీవి బుచ్చమ్మనూ మోతీబాయినీ నల్లగొండ పిలిపించాడు. బీరన్న అప్పటికి మంచం దిగడం లేదు. అప్పు చేసి తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని ఉన్నాడు. చిరంజీవి కాగితం చదివి వినిపించాడు. ఈ జబ్బు మిల్లు పనిలోనే వచ్చిందని, పరిహారం మిల్లే కట్టాలని ఉంది. ఒకే ఇంట్లో, అవే గొర్రెల మధ్య బతికిన భార్యకు లేని జబ్బు, పక్కన పనిచేసిన మనిషికి ఉండడాన్ని లెక్కలోకి తీసుకున్నామని కూడా ఉంది.

"నీ మాటే నిలబడ్డది చిన్నమ్మా. ఇగ మోతీబాయి కేసు ఏద్దాం," అన్నాడు చిరంజీవి.

తిరుగు బస్సులో ఒకే సీటు దొరికింది. బుచ్చమ్మ కిటికీ వైపు కూర్చోబోయి, ఏమనుకుందో, మోతీబాయిని అటు కూర్చోమంది. కొంతదూరం పోయాక మోతీబాయి అంది.

"వదినె, నా కేసుల నువ్వు సాక్షం జెప్పాలె. అన్న లేవలేడాయె. నన్ను నీ అంత చూసినోళ్ళు ఎవరున్నరు?"

"చెప్త," అంది బుచ్చమ్మ. గెలిచిన రోజు కూడా లోపల ముల్లు ఒకటి అలాగే ఉంది. అడగకుండా ఉండలేకపోయింది. "ఆయనకు రెండో బట్ట ఎప్పుడు కుట్టినవ్?"

"రెండోదా? రెండోది కుట్టలే వదినె. గుడ్డ ఏడున్నది? అది నేను కట్టుకునేది."

"నీదా?"

"మొదలు రెండు కుట్టిన, అన్నకొకటి, నాకొకటి. తెల్లారే అన్న బట్ట పోయింది. ఏమైందని అడిగితే, దొడ్డిల ఆరేస్తే గొర్రె తిన్నదన్నడు. మల్లొకటి అడగనీకి సిగ్గుపడ్డడు పాపం. నాదే ఇచ్చిన. నాకు కొంగున్నది గద అనుకున్న."

"అప్పటికి నీకు దగ్గు ఉండెనా?"

"అప్పుడు ఏడిది? ఆ ఎనక వానకాలం షురువైంది."

బస్సు పోతూనే ఉంది. బుచ్చమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. బూడిదలో అద్దాలు చూసి వంగిన మనిషి గుర్తొచ్చాడు. ఈమె సంగతి తన దగ్గర దాస్తున్నాడని అన్నేళ్ళు కాపలా కాసింది. ఆయన దాచింది ఈమెను కాదు. ఈమె ముందు పెళ్ళాం పరువు పోకుండా తనను దాచాడు. అంత మంచి అబద్ధం తనకెన్నడూ చెప్పకుండా ఈమెకెందుకు చెప్పాడని ఆ స్థితిలో కూడా ఒక్క క్షణం కడుపు మండింది. ఆ మంట మీద తనకే అసహ్యం వేసింది.

"గొర్రె తినలే, మోతీబాయి," అంది. "గొర్రెది తప్పు లేదు. నేనే పొయ్యిల పెట్టిన."

మోతీబాయి ఆమె వైపు తిరిగింది. ఏదో అనబోయింది, దగ్గు వచ్చేసింది. ముందు సీటు పట్టుకుని వంగిపోయి దగ్గింది. బుచ్చమ్మ చెయ్యి ఆమె వీపు దాకా పోయి, వేయాలో వద్దో తెలియక గాలిలో ఆగి, చివరికి వీపు మీద పడింది. చెయ్యి కింద ఆ ఈల వినబడడమే కాదు, తగిలింది కూడా. ఇంట్లో ఆయన వీపు నిమిరితే తగిలేదీ అదే.

దగ్గు ఆగాక మోతీబాయి కళ్ళు తుడుచుకుంది. 

"ఇది గూడ చెప్తవా సాక్షంల?" అని అడిగింది.

"అడిగితే చెప్త."

మోతీబాయి తల అడ్డంగా ఊపింది.

"వద్దు వదినె. అన్న జెప్పిందే ఉండనీ. గొర్రె తిన్నది."